హాజరుపట్టీలో సంతకం అంగీకారమవుతుందా?

ప్రశ్న: మేము ఉంటున్న పాత నివాస సముదాయాన్ని పడగొట్టి కొత్తగా కడతామంటున్నారు. ఇప్పటికి రెండు సభలు జరిగాయి. గోడకు నమూనా చిత్రాలు తగిలించారు, హాజరుపట్టీలో సంతకాలు తీసుకున్నారు. మేము చెప్పినది ఎవరైనా రాసుకున్నారో లేదో తెలియదు. ‘ప్రజల భాగస్వామ్యంతో’ అన్న మాట మాత్రం ప్రతి కాగితం మీదా ఉంది. ఇది నిజమైన భాగస్వామ్యమో కాదో ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మిమ్మల్ని ఏ దశలో పిలిచారన్నది ముందుగా చూడండి. చిత్రాలు గీయడం పూర్తయ్యాక పిలిస్తే మీ మాటకు మిగిలేది గోడల రంగు, పార్కులో బల్లల స్థానం మాత్రమే. పడగొట్టాలా లేక మరమ్మతు చేస్తే సరిపోతుందా, కొత్త ఇళ్లలో ఎన్ని పాతవారికి దక్కుతాయి, అద్దె ఎంత పెరుగుతుంది, పని జరిగినన్నాళ్లూ ఎక్కడ తలదాచుకోవాలి అన్న ప్రశ్నలు ఇంకా తేలని దశలో అడిగితేనే దానిని సంప్రదింపు అనగలం.

అమెరికా ప్రభుత్వ గృహనిర్మాణ శాఖలో ప్రజా భాగస్వామ్యంపై సలహాదారుగా పనిచేసిన షెర్రీ ఆర్న్‌స్టైన్ 1969లో రాసిన వ్యాసంలో ఈ తేడాను ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపారు. సమాచారం చెప్పడం, అభిప్రాయం అడగడం ఆ నిచ్చెనలో మూడో, నాలుగో మెట్లు మాత్రమే. నిర్ణయాధికారంలో వాటా దక్కడం ఆరో మెట్టు నుంచి మొదలవుతుంది. ఆ వ్యాసంలోనే ఫ్రెంచి విద్యార్థుల గోడపత్రిక ఒకటి ఉంది. ‘పాల్గొను’ అన్న క్రియను నేను, నువ్వు, అతను, మేము, మీరు అంటూ వరుసగా వల్లెవేసి, చివర ‘వారు’ దగ్గరకు వచ్చేసరికి క్రియను మార్చి ‘లాభపడతారు’ అని ముగించిన పత్రిక అది. మీ సభల సంగతి వింటే నాకు గుర్తుకొచ్చింది అదే.

లండన్‌లో 2018 జూలై నుంచి ఒక నిబంధన అమలులోకి వచ్చింది. సామాజిక అద్దె ఇళ్లను (స్థానిక ప్రభుత్వమో గృహసంస్థలో తక్కువ అద్దెకు ఇచ్చేవి) పడగొట్టి 150 లేదా అంతకు మించి ఇళ్లు కట్టే పథకానికి నగర మేయర్ నిధులు కావాలంటే, సాధారణంగా నివాసుల మధ్య ఓటింగు జరిపి మెజారిటీ సాధించాలి. 16 ఏళ్లు నిండిన అద్దెదారులకు కూడా ఓటు ఉంటుంది. ఓటింగుకు ముందే తిరిగి వచ్చే హక్కు, పరిహారం, కొత్త ఇళ్ల సంఖ్య వంటివి లిఖితపూర్వకంగా ఇవ్వాలి. నా దృష్టిలో ఓటు కంటే ఈ రెండో షరతే విలువైనది, ఎందుకంటే ఏమి ఇస్తారో కాగితం మీద లేనప్పుడు ‘అవును’ అన్న ఓటు దేనికి పడిందో ఎవరికీ తెలియదు. మీరు కూడా వచ్చే సభలో మొదట అడగవలసింది ఆ కాగితాన్నే. సభలో వచ్చిన ప్రతి అభ్యంతరానికీ ఎదురుగా దానివల్ల ఏమి మారిందో, మారకపోతే కారణమేమిటో రాసి ఇవ్వమని కూడా అడగండి.

మంచి సంప్రదింపు జరిగినా పని చెడిపోయిన సందర్భాలున్నాయి. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో బైకర్ అనే పేటను తిరిగి కట్టే పనిని 1960ల చివర చేపట్టిన వాస్తుశిల్పి రాల్ఫ్ ఎర్‌స్కిన్ బృందం, ఆ పేటలోనే పాత అంత్యక్రియల దుకాణమొకదానిలో కార్యాలయం తెరిచింది. ఎవరైనా నేరుగా లోపలికి వచ్చి మాట్లాడవచ్చు. ఇప్పటికీ ఆదర్శంగా చెప్పుకునే పద్ధతి అది. అయినా కూల్చివేతలు ముందు, నిర్మాణం వెనుక అన్నట్టు సాగడంతో పాత నివాసుల్లో అధికశాతం వేరే చోట్లకు వెళ్లిపోయారు, తిరిగి రాలేదు. కాబట్టి ఒక విడత ఇళ్లు సిద్ధమయ్యాకనే మరో విడత ఖాళీ చేయించాలన్న క్రమాన్ని ఒప్పందంలో రాయించుకోవడం, పది సభల్లో మాట్లాడటం కంటే ముఖ్యం.

అసలు పడగొట్టనవసరం లేకుండానే చేసిన పని ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఉంది. 1960ల నాటి మూడు భవనాల్లోని 530 ఇళ్లకు వాస్తుశిల్పులు లకటాన్, వసాల్ తమ సహచరులతో కలిసి బయటివైపు విశాలమైన అద్దాల వరండాలు జోడించారు. పని జరుగుతున్నంత కాలం కాపురాలు లోపలే సాగాయి. ఆ ఇద్దరికీ 2021లో వాస్తుశిల్పానికిచ్చే పేరున్న ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. మరమ్మతు సాధ్యాసాధ్యాలపై నివేదిక ఉందా అని అడిగే హక్కు మీకు ఉందని గుర్తు చేయడానికే ఇది ప్రస్తావించాను.

ప్రశ్న: కాంట్రాక్టరు తన టెండరులో ‘సామాజిక విలువ’ను కోట్లలో చూపించాడు. ఉద్యోగాలు, శిక్షణ, సేవా గంటలు అంటూ పట్టిక వేశాడు. ఈ లెక్కను నమ్మవచ్చా?
– అదే సముదాయం నుంచి మరొకరు

జవాబు: ఈ మాట టెండర్లలోకి బలంగా ప్రవేశించింది బ్రిటన్‌లో. అక్కడ 2012లో చేసిన సామాజిక విలువ చట్టం సేవలు కొనే ప్రభుత్వ సంస్థలను సామాజిక, ఆర్థిక, పర్యావరణ ప్రయోజనాలను పరిగణించమంది. 2021 జనవరి నుంచి అక్కడి కేంద్ర ప్రభుత్వ కాంట్రాక్టుల మూల్యాంకనంలో దీనికి కనీసం 10 శాతం మార్కులు కేటాయించారు. మార్కులు వచ్చే చోట పట్టికలు పెరగడం సహజం.

పట్టిక అబద్ధం కానక్కర లేదు, కాని అది లెక్కించడానికి వీలైనవాటినే లెక్కిస్తుంది. ఒక యువకుడికి శిక్షణ ఇస్తే దానికొక అంకె వేయవచ్చు. ముప్పై ఏళ్లుగా పక్కింటి వృద్ధురాలికి మందులు తెచ్చి ఇస్తున్న మనిషి మరో పేటకు తరలిపోతే కలిగే నష్టానికి గడి ఉండదు. అందువల్ల లాభాల పక్కనే నష్టాల గడి పెట్టమనండి. ఆ ఉద్యోగాలు ఈ పథకం లేకున్నా వచ్చేవా, వాటిలో ఎన్ని మీ సముదాయం వారికి దక్కుతాయి, పని ముగిసిన రెండేళ్లకు ఎందరు అందులో కొనసాగుతారు అని అడగండి. హామీ తప్పితే చెల్లింపులో కోత విధించే నిబంధన కాంట్రాక్టులో లేకపోతే, ఆ కోట్ల అంకెను ప్రచారపత్రంలోని బొమ్మతో సమానంగా చూడవచ్చు.