గ్రౌండ్ కబుర్లు: ఈ నెల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: 2025 జులైలో జర్మనీలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో మన బాడ్మింటన్ జట్టులో సగం మందిని ఆడనివ్వలేదట. అంత దూరం తీసుకెళ్లి ఇదేం పని? మా కాలేజీలోనూ ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఏదో కాగితం తక్కువై ఆగిపోతున్నారు.
- అథ్లెటిక్ సెక్రటరీ, ప్లస్ త్రీ (డిగ్రీ), బరంపురం, ఒడిశా

జవాబు: నిజమే. పన్నెండు మంది వెళ్తే మిక్స్‌డ్ టీమ్ పోటీలో ఆరుగురికే ఆడే వీలు దక్కింది. పోటీకి ముందు మేనేజర్ల సమావేశంలో పేర్లు సరిగ్గా ఇవ్వకపోవడంతో మిగతా ఆరుగురూ బయటే ఉండిపోయారు. ఉన్న ఆరుగురే ఆడి కాంస్యం తెచ్చారు కాబట్టి గొడవ కొంత సద్దుమణిగింది. మా మట్టుకు మాకు ఇందులో ఆటగాళ్ల తప్పు ఇసుమంత కూడా కనబడదు. పేర్లిచ్చే పని మీద వెళ్లినవాళ్లు ఆ పనే చెయ్యకపోతే వెళ్లింది దేనికి?

ఇక మీ కాలేజీ సంగతి. అడ్మిషన్లు అవగానే ఆటగాడికొక ఫైలు పెట్టండి. టోర్నమెంటు తేదీ వచ్చాక మొదలుపెడితే అందదు. మెట్రిక్ సర్టిఫికెట్, ప్లస్ టూ మార్కుల షీటు, ఈ ఏడాది ఫీజు రసీదు, కాలేజీ గుర్తింపు కార్డు, ఆధార్, ఫొటోలు, ఇవన్నీ ప్రిన్సిపాల్ సంతకంతో రెండేసి సెట్లు ఉండాలి. అంతర విశ్వవిద్యాలయ పోటీలకు జులై 1 నాటికి వయసు 17కి తగ్గకూడదు, 25 దాటకూడదు. రెగ్యులర్ కోర్సులో ఉండాలి. దూరవిద్యలో చేరినవాళ్లు, పూర్తికాలం ఉద్యోగం చేసేవాళ్లు ఎంత బాగా ఆడినా పనికిరారు.

ఒడిశాలోని మన తెలుగువాళ్లకు అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. ఆంధ్రాలో తీసుకున్న ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, ఒడిశా మెట్రిక్ సర్టిఫికెట్‌లో చివరికి పోతుంది. ఒడియా రాతలో వెంకటరావు బెంకటరావు అవుతాడు, రవి రబి అవుతాడు. పరిశీలన బల్ల దగ్గర కూర్చున్న మనిషికి వాళ్లిద్దరూ వేరు. రెండిట్లో ఆధార్ దిద్దించుకోవడమే తేలిక, కాబట్టి మెట్రిక్‌లో ఎలా ఉంటే ఆధార్‌నీ అలా చేయించండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకని అక్షరం అక్షరం చూసుకుని ఇవ్వండి. అప్పటికప్పుడు నోటరీ అఫిడవిట్ పట్టుకెళ్తే ఒప్పుకుంటారన్న భరోసా పెట్టుకోవద్దు.

ఇంకోటి. ఆంధ్రాలోని ఇచ్ఛాపురం మీకు పాతిక కిలోమీటర్లే అయినా అక్కడి పిల్లలు సౌత్ జోన్‌కు వెళ్తారు, బరంపురం విశ్వవిద్యాలయం ఈస్ట్ జోన్‌లో ఉంది. తేదీలు వేరు, ఊళ్లు వేరు. అక్కడి స్నేహితులు వాట్సాప్‌లో పెట్టిన చివరి తేదీ నమ్ముకుని కూర్చుంటే మీ తేదీ దాటిపోతుంది.

ప్రశ్న: 2022 అల్టిమేట్ ఖోఖో ఫైనల్లో ఒడిశా జగర్‌నాట్స్, తెలుగు యోధాస్ తలపడితే మా హాస్టల్ రెండు ముక్కలైంది. ఒడిశాలో పుట్టిన తెలుగువాడు ఎటు ఉండాలి?
- ఎమ్మే విద్యార్థి, భంజ బిహార్ (బరంపురం విశ్వవిద్యాలయం)

జవాబు: 46-45 స్కోరుతో ఒక్క పాయింటు తేడాలో ఒడిశా గెలిచింది. అంత ఆట చూశాక ఎటు ఉన్నా నష్టం లేదు. అయినా ఆ తెలుగు జట్టులోని ప్రతీక్ వాయ్‌కర్ మహారాష్ట్ర కుర్రాడు. 2025లో మొదటి ఖోఖో ప్రపంచ కప్ గెలిచిన భారత పురుషుల జట్టుకు అతనే కెప్టెన్. జట్టు పేరు పట్టుకుని హాస్టల్లో మాటలు మానేసుకోవడం మాకు సబబనిపించలేదు.

ప్రశ్న: జ్యోతి యర్రాజీ 2020లోనే హర్డిల్స్ జాతీయ రికార్డు దాటినా లెక్కలోకి తీసుకోలేదని విన్నాను. ఎందుకని? మా కాలేజీ మీట్‌లో 100 మీటర్ల హర్డిల్స్ స్టాప్‌వాచీతో 16.2 సెకన్లలో పూర్తిచేశాను. కాలేజీలో ఉన్నవి రెండే హర్డిల్స్. సాధన ఎలా చెయ్యాలి?
- డిగ్రీ విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: అప్పటి రికార్డు 13.38. 2002లో ఒడిశాకు చెందిన అనురాధ బిశ్వాల్ పెట్టింది. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో మన విశాఖ అమ్మాయి జ్యోతి 13.03లో పరిగెత్తింది. అక్కడ ఆమెకు డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి కూడా లేడు. దాంతో రికార్డు ఇవ్వలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 వచ్చింది. ఈసారి వెనక నుంచి గాలి సెకనుకు 2.1 మీటర్లు. 2.0 దాటితే రికార్డు చెల్లదు. ఆ మే నెలలో సైప్రస్‌లో 13.23తో చివరికి రికార్డు చేతికొచ్చింది. చూడండి, మూడింట్లోకీ నెమ్మదైన పరుగు అదే! తర్వాత 2023లో చెంగ్డూ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో కాంస్యం గెలిచి ఆ రికార్డునూ మార్చేసింది. నియమం కఠినంగా ఉండటం సరైనదే. కానీ విద్యార్థుల పెద్ద పోటీలో డోపింగ్ పరీక్ష ఏర్పాటు లేకపోవడం పెట్టినవాళ్ల లోపం, పరిగెత్తినమ్మాయిది కాదు.

మీ 16.2 దగ్గరికి వద్దాం. చేతి వాచీ టైముకు 0.24 కలిపితే యంత్రం టైముకు దగ్గరగా వస్తుంది, అంటే 16.44. స్టార్టరు విజిల్ ఊదితే ఆ శబ్దం గమ్యం దగ్గరున్న మనిషిని చేరడానికి ఇంకో 0.29 సెకను పడుతుంది. విని వాచీ నొక్కితే ఆ సమయమంతా మీకు ఊరికే కలిసొచ్చినట్టు. స్టార్టరును చెక్క క్లాపర్ వాడమనండి. రెండు చెక్కలూ కలిసేది కంటితో చూసి వాచీ నొక్కాలి.

కొలతలు: హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు, మొత్తం పది. మొదటిదాకా 13 మీటర్లు, ఒక్కోదానికి మధ్య 8.5, చివరిదాని తర్వాత 10.5. మొదటిదాకా ఎనిమిది అంగలు, మధ్యలో మూడు. మధ్యలో మూడు అంగలు అందక చాలామంది నాలుగో ఐదో వేస్తారు. నాలుగేస్తే కాలు మారిపోతుంది, ఐదేస్తే వేగం చచ్చిపోతుంది. అందుకని మొదట దూరమే తగ్గించాలి. మధ్య 7.5 మీటర్లు, ఎత్తు 76 సెంటీమీటర్లు పెట్టుకుని మూడంగల లయ కుదిరాక నెలకు పావు మీటరు చొప్పున పెంచండి. రెండు హర్డిల్స్ ఈ సాధనకు చాలు. మూడోది కావాలంటే రెండు ప్లాస్టిక్ స్టూళ్ల మీద తేలికపాటి పీవీసీ పైపు ఊరికే పడేసి ఉంచండి, కట్టొద్దు.

ఎక్కడ గెంతుతున్నారో ముగ్గుపిండితో గుర్తు పెట్టించుకోండి. హర్డిల్‌కు దాదాపు రెండు మీటర్ల ముందు లేచి, దాటాక మీటరు దూరంలో దిగాలి. బాగా దగ్గరికొచ్చి లేచినవాళ్లు ముందుకు పోకుండా పైకి ఎగురుతారు, దిగేసరికి పరుగు ఆగిపోతుంది. ఇంకో ముఖ్య సంగతి: హర్డిల్ పాదాలు మీరు వచ్చే వైపుకే ఉండాలి. అలా ఉంటేనే కాలు తగిలినప్పుడు ముందుకు పడిపోతుంది. తిరగేసి పెడితే పడదు, మోకాలి చిప్ప దెబ్బ తింటుంది. కాలేజీ మైదానాల్లో ఈ పొరపాటు మామూలే. సాధన మొదలుపెట్టే ముందు మీరే ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: కబడ్డీ ఎంపికకు మూడు వారాలుంది. నా బరువు 87 కిలోలు, పరిమితి 85. సీనియర్లు రెయిన్‌కోటు వేసుకుని పరిగెత్తమని, చివరి రెండ్రోజులు నీళ్లు మానెయ్యమని చెబుతున్నారు.
- డిగ్రీ విద్యార్థి, రాయగడ

జవాబు: వద్దు. 2024 పారిస్‌లో వినేశ్ ఫోగట్ 50 కిలోల విభాగంలో ఒకే రోజు మూడు కుస్తీలు గెలిచి, మర్నాడు పొద్దున తూకంలో 100 గ్రాములు ఎక్కువ తూగి ఫైనల్ పోగొట్టుకున్నారు. వైద్యులూ కోచ్‌లూ రాత్రంతా పక్కనుండి చేయించినా దిగని బరువు మీ హాస్టల్ మెట్ల మీద రెయిన్‌కోటుతో దిగుతుందా? ఒంట్లో నీరు తగ్గితే పిక్కలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి. ఎండలో అయితే వడదెబ్బే.

మూడు వారాల్లో రెండు కిలోలు తిండితోనే తగ్గుతాయి. రాత్రి అన్నం సగం చెయ్యండి. సాయంత్రం బండి దగ్గర బరా, ఘుగుని, తియ్యటి కూల్‌డ్రింకులు ఆపండి. పప్పు, గుడ్లు, కూరలు తగ్గించొద్దు, నీళ్లు అసలే వద్దు. ఆఖరి వారం ఊరగాయలు, అప్పడాలు పక్కన పెట్టండి, ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. రోజూ పొద్దున దొడ్డికెళ్లి వచ్చాక, ఏమీ తినకముందు, ఒకే తూకం మీద చూసుకోండి. తూకాన్ని చాప మీద పెట్టకూడదు, గచ్చు మీదే పెట్టాలి. దాని మాట నమ్మే ముందు 25 కిలోల విప్పని బియ్యం బస్తా పట్టుకుని ఒకసారి, వదిలి ఒకసారి ఎక్కండి. తేడా 25 రాకపోతే తూకం మార్చండి. తూకాల మధ్య తేడాలుంటాయి కాబట్టి 85 సరిపోదు, 84.5కు దిగండి.

ప్రశ్న: టోర్నమెంటు నుంచి వచ్చేసరికి అటెండెన్స్ 75 శాతం కన్నా తగ్గింది. మినహాయింపు ఇస్తారా?
- గుణుపూర్ విద్యార్థిని

జవాబు: విశ్వవిద్యాలయం తరఫున ఆడితే చాలాచోట్ల ఇస్తారు. అయితే అది తిరిగొచ్చాక అడిగేది కాదు. బయల్దేరేముందే తేదీలతో పీఈటీ గారి సంతకం ఉన్న ఉత్తరం ప్రిన్సిపాల్‌కు ఇచ్చి, ఆఫీసు ముద్ర వేసిన నకలు దగ్గర పెట్టుకోవాలి. ప్రతి డిపార్ట్‌మెంటుకూ ఒక కాపీ ఇవ్వండి. మధ్యలో ఇంటర్నల్ పరీక్ష పడితే అదే ఉత్తరంలో మళ్లీ పెట్టమని రాయండి. ఈసారికి పాల్గొన్నట్టు ఇచ్చిన సర్టిఫికెట్ నకలు జతచేసి, పరీక్ష ఫారాలు నింపే గడువు లోపలే దరఖాస్తు పెట్టండి.