నోవా స్కోషియాలో ఫ్రెంచి ఊళ్ళు ఎందుకున్నాయి?

"నోవా స్కోషియా బ్రిటిష్ వలస కదా, అక్కడ ఫ్రెంచి పేర్ల ఊళ్ళు ఎక్కడివి? ఫ్రెంచివాళ్ళు ఉండేది క్విబెక్‌లో కదా?" అని అడిగారు. కెనడా తూర్పు తీరాన ఉన్న ఈ రాష్ట్రపు రాజధాని హాలిఫాక్స్‌లో నేను ఉంటున్నాను. కొత్తగా వచ్చినప్పుడు నాకూ ఇదే సందేహం ఉండేది.

క్విబెక్ నగరం వెలసింది 1608లో. అంతకు మూడేళ్ళ ముందే ఫ్రెంచివాళ్ళు ఇక్కడి పోర్ట్ రాయల్‌లో దిగారు. నేల మాత్రం వేల ఏళ్ళుగా మిక్‌మాక్ ప్రజలది. వాళ్ళు తర్వాత బ్రిటిష్‌వారితో చేసుకున్నవి స్నేహ ఒప్పందాలే, భూమి రాసిచ్చిన పత్రాలు కావు.

ఇక్కడ స్థిరపడిన ఫ్రెంచి రైతులే అకేడియన్లు. వాళ్ళు అడవి నరకడం కన్నా సముద్రంతో తలపడటమే మేలనుకున్నారు. ఫండీ అఖాతంలో పోటు కొన్నిచోట్ల పదహారు మీటర్ల దాకా లేస్తుంది. ఆ తీరాన అకేడియన్ల ఊరైన గ్రాండ్ ప్రే కరకట్ట మీద నిలబడి చూస్తే, పాటు వేళ కనుచూపు మేర ఎర్రటి బురదే. పోటు వేళ మళ్ళీ వెళ్ళి చూడండి, అంతా నీళ్ళే. ఆ బురద నేలకు కట్టలు వేసి, అడుగున చెక్క తూములు పెట్టారు. తూములో వేలాడే తలుపు పాటుకు తెరుచుకుని వాననీటిని సముద్రంలోకి వదులుతుంది, పోటుకు మూసుకుపోతుంది. కొన్నేళ్ళ వానలకు చౌడు కడుక్కుపోయి గోధుమ పండేది. దివిసీమ రైతుకు చూపిస్తే వెంటనే అర్థం చేసుకుంటాడు.

1713లో యూట్రెక్ట్ సంధితో ఈ భూభాగం బ్రిటన్‌కు దక్కింది. పక్కనున్న కేప్ బ్రెటన్ దీవి ఫ్రాన్సుకే మిగిలింది. అక్కడ కట్టిన లూయిస్‌బర్గ్ కోటను 1745లో బ్రిటిష్ పక్షం గెలిచింది. 1748 సంధిలో దాన్ని ఫ్రాన్సుకు తిరిగిచ్చి, బదులుగా ఫ్రెంచివాళ్ళు పట్టుకున్న మద్రాసును వెనక్కి తీసుకుంది. ఎక్కడి కోట, ఎక్కడి చెన్నపట్నం! లూయిస్‌బర్గ్‌కు పోటీగానే 1749లో హాలిఫాక్స్‌ను స్థాపించారు.

ఇద్దరి మధ్య నలిగింది అకేడియన్లు. ఫ్రాన్సు మీద ఆయుధం పట్టం, మీ మీదా పట్టం అన్నారు. బ్రిటిష్ రాజుకు విధేయులమని షరతు లేని ప్రమాణమే కావాలన్నాడు గవర్నరు స్థానంలో ఉన్న చార్లెస్ లారెన్స్. 1755 సెప్టెంబరు 5న గ్రాండ్ ప్రే చర్చికి మగవాళ్ళను పిలిపించి, భూములూ పశువులూ రాజు పరమయ్యాయని ఉత్తర్వు చదివించారు. 1763 దాకా పదివేలమందికి పైగా ఓడలెక్కించి ఇక్కడి నుంచి వెళ్ళగొట్టారు. భద్రత కోసమని అప్పటివారు చెప్పుకున్నారు గానీ, ఆ సారవంతమైన పొలాల మీద కన్ను లేదంటే నేను నమ్మను. ఆ పొలాలను న్యూ ఇంగ్లండ్ (నేటి అమెరికా ఈశాన్య భాగం) రైతులకు పంచారు. ఈలోగా 1759 తుపానుకు కట్టలు తెగాయి. కొత్తవారికి ఆ పని తెలియదు. చివరికి బందీలుగా ఉన్న అకేడియన్లనే రప్పించి మరమ్మతు చేయించుకున్నారు!

1764 తర్వాత తిరిగి రానిచ్చారు, కానీ పాత పొలాల్లోకి కాదు. వచ్చినవాళ్ళలో చాలామంది నైరుతి తీరంలోని క్లేర్, కేప్ బ్రెటన్‌లోని షెటికాం వంటి చోట్ల రాతినేలల్లో సర్దుకుని చేపల వేటకు మళ్ళారు. అందుకే గ్రాండ్ ప్రేలో పేరు మాత్రమే ఫ్రెంచి. క్లేర్‌లో దుకాణంలోకి వెళ్తే ఇప్పటికీ ఫ్రెంచి వినబడుతుంది, ఇళ్ళ ముందు పసుపు నక్షత్రమున్న మూడు రంగుల అకేడియన్ జెండాలు కనబడతాయి. వెళ్ళేటట్లయితే గ్రాండ్ ప్రే హాలిఫాక్స్ నుంచి కారులో గంట దారి. పోటు వేళలు ముందే చూసుకుని బయలుదేరండి.