శూన్యంలో అవరోధమా?

సందేహం: ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ‘శూన్యంలో విద్యుదయస్కాంత తరంగ అవరోధం సుమారు 377 ఓమ్‌లు’ అని నోట్సులో రాశాను. ఏమీ లేనిచోట అడ్డేమిటి, అవరోధం అనకూడదని ఒక మిత్రుడు అంటున్నారు. ఏది సరి?

సమాధానం: మీ మిత్రుడి అభ్యంతరం ఇంగ్లీషు మాటకూ తగులుతుంది. ఇంపెడెన్స్ అన్న పేరు 1886లో ఇంగ్లీషు భౌతిక శాస్త్రవేత్త ఆలివర్ హెవిసైడ్ పెట్టాడు. దాని వెనకున్న లాటిన్ క్రియకు కాళ్లకు బంధం వేయడమని అర్థం. శూన్యంలో తరంగానికి ఏ బంధమూ లేదు, వేడిగా పోయే శక్తీ లేదు. విద్యుత్ క్షేత్ర బలాన్ని అయస్కాంత క్షేత్ర బలంతో భాగిస్తే వచ్చే నిష్పత్తే ఆ 377, ఇంకాస్త కచ్చితంగా 376.73 ఓమ్‌లు.

ఇక మన మాట, అవరోధం. అది రుధ్ ధాతువు నుంచి వచ్చింది. ఆ ధాతువుకు అడ్డగించడమని అర్థం చెప్పి వదిలేస్తారు గానీ, రోధస్సు కూడా దాని బిడ్డే. ‘కూలం రోధశ్చ తీరం చ’ అన్నాడు అమరసింహుడు. అంటే గట్టు! గట్టు నదిని ఆపేస్తుందా? గోదావరిని చూడండి. పాపికొండల మధ్య ఇరుకై లోతెక్కుతుంది, రాజమండ్రి దగ్గరికొచ్చేసరికి పరుచుకుంటుంది. లోతుకూ వెడల్పుకూ పొత్తు కుదిర్చేది గట్టే. శూన్యం రెండు క్షేత్రాలకూ కుదిర్చే పొత్తు 377 ఓమ్‌లు. ఇంత చక్కగా అమరిన మాటను వదులుకోవాలా?

మీ ఇంటి టీవీ కేబుల్ మీద 75 ఓమ్ అని ఉంటుంది. అది మీటరు ముక్కయినా వంద మీటర్ల చుట్టయినా అంకె మారదు. లోపలి రాగి తీగకు ఆ కొస నుంచి ఈ కొసకు మల్టీమీటర్ పెట్టి కొలిస్తే మాత్రం 75 రాదు. ఈ 75 కూడా శూన్యపు 377 లాంటి నిష్పత్తే. పిల్లలకు కేబుల్ ముక్క చేతికిచ్చి చెప్పండి.

ఈమధ్య ‘శూన్యం యొక్క ప్రతిఘటన’ అని రాసేవాళ్లు బయల్దేరారు. ప్రతిఘటించడానికి శూన్యమేమైనా సైన్యమా? ఆ ‘యొక్క’ ఎందుకు? మీరూ ‘తరంగ అవరోధం’ అని విడదీయకుండా తరంగావరోధం అనొచ్చు. పిల్లల నోరు తిరగదంటే విడిగానే ఉంచండి, పట్టుబట్టను. క్లాసులో ఇంపెడెన్స్ అన్నా తప్పనను. నిరోధం అని మాత్రం రాయకండి, దాన్ని రెసిస్టెన్సుకు ఎప్పుడో ఇచ్చేశాం.