పల్సార్లతో గురుత్వ తరంగాలను ఎలా పట్టారు?

అమెరికాలోని లైగో పరిశోధన కేంద్రం 2015లోనే గురుత్వ తరంగాలను (స్థలకాలంలో పుట్టే అలలను) పట్టేసింది కదా, 2023లో పల్సార్లతో (క్రమం తప్పక తిరుగుతూ రేడియో సంకేతాలు పంపే మృత నక్షత్రాలతో) కొత్తగా తెలిసిందేమిటని అడిగారు.

అవి వేరే రకం తరంగాలు. లైగో మొదట పట్టింది సెకనులోపే ముగిసిన కుదుపు. 2023 జూన్‌లో ఆధారాలు దొరికిన తరంగం ఒక్కసారి లేచి పడటానికే ఏళ్లు పడుతుంది. అంత పెద్ద పరికరం భూమ్మీద పట్టదు, అందుకే పల్సార్లనే గడియారాలు చేసుకున్నారు. వాటిలో ఒకటి సెకనుకు సుమారు 173 సార్లు తిరుగుతుంది. చుట్టు చుట్టుకీ ఒక రేడియో టిక్. తరంగం వల్ల ఆ టిక్ సెకనులో పది లక్షల వంతు కన్నా తక్కువ తేడాతో ముందో వెనకో వస్తుంది. అంతే!

ఒక్క పల్సార్ తడబడితే అది దాని సొంత గొడవ కావచ్చు. అందుకని జంటలుగా పోలుస్తారు. ఆకాశంలో రెండింటి మధ్య ఎంత కోణం ఉందో దాన్ని బట్టి వాటి తడబాట్లు ఎంతవరకు కలవాలో హెల్లింగ్స్, డౌన్స్ అనే శాస్త్రవేత్తలు 1983లోనే లెక్కకట్టారు. గ్రాఫ్ గీస్తే అదొక వంపు గీత. నలభై ఏళ్ల తర్వాత డేటాలో అదే వంపు కనబడుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఇందులో పుణె దగ్గరి జీఎంఆర్‌టీ టెలిస్కోపు డేటా ఉంది, ఐఐటీ హైదరాబాద్ వాళ్ల పనీ ఉంది.

ఈ తరంగాలు గెలాక్సీల కేంద్రాల్లో జంటగా తిరిగే భారీ కృష్ణబిలాల నుంచే వస్తున్నాయని ఎక్కువమంది అంచనా, ఇంకా రుజువు కాలేదు.