మా కాలనీ కార్యక్రమాలకు వికలాంగులు ఎన్నిసార్లు పిలిచినా రావడం లేదు, ఏం చేయాలి?

మీ కాలనీలో చక్రాల కుర్చీ వాడే ఒక యువకుడు, చూపు లేని ఒక గృహిణి ఉన్నారని, వినాయక చవితికీ నెలవారీ సమావేశాలకూ పిలుస్తున్నా వారు రావడం లేదని, పిలవడం కాక ఇంకేమి చేయాలో తెలియడం లేదని రాశారు. మూడో ఏట సోకిన పోలియో వల్ల, కాలికి ఆసరాగా కట్టుకునే క్యాలిపర్‌తో, చంకకర్రతో నడిచే మనిషిని నేను. గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో మా కాలనీ సంఘానికి చాలాకాలం లెక్కలు రాశాను. ఆ అనుభవంతో నాకు తోచినది చెబుతాను.

పిలుపు అందగానే మావంటి వారి మనసులో ఒక లెక్క మొదలవుతుంది. అక్కడ మెట్లు ఎన్ని, పట్టుకోవడానికి కమ్మీ ఉందా, కూర్చోవడం కుర్చీలోనా లేక కింద పరచిన జంపఖానా మీదనా, మరుగుదొడ్డి ఎంత దూరం, దాని తలుపులోంచి చక్రాల కుర్చీ పడుతుందా, మధ్యలో ఇంటికి రావలసి వస్తే ఎవరిని బతిమాలాలి అన్న ప్రశ్నలకు జవాబు దొరకనప్పుడు ‘ఒంట్లో బాగాలేదు’ అని చెప్పి ఇంట్లో ఉండిపోవడమే తేలిక. పెళ్ళికి వెళ్ళవలసిన రోజున ఉదయం నుంచే మంచినీళ్ళు తాగడం తగ్గించుకునే వారు మాలో చాలామంది ఉన్నారు. కనుక ఆహ్వానంతో పాటు ఈ వివరాలు కూడా ముందుగా చెప్పండి; ఏదైనా వసతి లేకపోతే లేదనే చెప్పండి, దాన్ని బట్టి వారు తమ ఏర్పాటు తాము చేసుకుంటారు.

మెట్ల విషయంలో మంచి మనసుతోనే ప్రమాదం తెచ్చిపెట్టేవారు ఎక్కువ. మూడు మెట్ల మీద ఒక బల్ల వాల్చి ర్యాంపు సిద్ధమైందనుకుంటారు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. అంటే అరడుగు ఎత్తున్న మూడు మెట్లకు పద్దెనిమిది అడుగుల వాలు కావాలి. అంతకంటే నిటారుగా ఉంటే కుర్చీ వెనక్కి తిరగబడవచ్చు. నున్నటి గ్రానైట్ పరిస్తే వానాకాలంలో నా క్యాలిపర్ బూటు దాని మీద నిలవదు. ఇవన్నీ సరిగ్గా కట్టిన చోట కూడా పండుగ నాటికి ర్యాంపు మీదికి వంటవారి గుండిగలో, ఎవరిదో మోటారు సైకిలో చేరుతుంది! అంత స్థలం లేకపోతే మెట్లు లేని చోటికి, ఎవరి ఇంటి ముంగిట్లోకైనా సమావేశాన్ని మార్చండి, ఖర్చు ఉండదు. నలుగురు కుర్రాళ్ళు కుర్చీతో సహా ఎత్తి పైకి చేర్చడం నాకు నచ్చదు. ఎత్తేవారికి అది ఉత్సాహం, కుర్చీలో ఉన్నవారికి ప్రాణభయం. తప్పనిసరి అయితే ఎక్కడ పట్టుకోవాలో ఆయననే అడగండి.

కల్యాణ మండపం అద్దెకు తీసుకునేటప్పుడు మాత్రం మొహమాటపడకండి. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉన్న 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, ప్రజలు వాడే ప్రైవేటు భవనాలను, మతపరమైన, సాంస్కృతిక కార్యక్రమాలు జరిగే వాటిని కూడా ప్రజా భవనాలుగానే పరిగణిస్తుంది. ఆ చట్టం కింద తయారైన వసతుల ప్రమాణాలు కేవలం సలహాలుగా మిగిలిపోరాదని, తప్పనిసరిగా పాటించవలసిన నియమాలుగా ఉండాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో చెప్పింది. ర్యాంపు లేదా అని పది మంది అడిగితే యజమాని ఆలోచించక తప్పదు.

ఇక చూపు లేని ఆ గృహిణి సంగతి. మీరు వాట్సాప్ గ్రూపులో పెట్టే రంగురంగుల ఆహ్వానం ఆమెకు చాలావరకు అందనట్టే లెక్క, ఎందుకంటే తెరమీది అక్షరాలను చదివి వినిపించే సదుపాయం ఫోనులో ఉన్నా, బొమ్మగా పంపిన దానిని అది సరిగ్గా చదవలేదు. అదే విషయాన్ని కింద రెండు వాక్యాల్లో టైపు చేస్తే చాలు. ఎదురుపడినప్పుడు ‘నేనెవరో చెప్పుకోండి చూద్దాం’ అని పరీక్ష పెట్టే అలవాటు మనవాళ్ళలో ఉంది, దయచేసి మానేయండి. ముందు మీ పేరు చెప్పి తరువాత మాట్లాడండి. దారి చూపేటప్పుడు ఆమె చేయి పట్టుకొని లాగకుండా, ఒక మహిళా సభ్యురాలు తన మోచేతిని ఆమెకు అందించి అరడుగు ముందు నడవడం మేలు. భోజనాల దగ్గర విస్తరిలో ఎడమ చివర పచ్చడి ఉందని, కుడివైపు గారె ఉందని ఒక్కసారి చెబితే ఆ తరువాత ఆమె భోజనం ఆమే చేస్తుంది. ఆమెకు కాఫీ కావాలో వద్దో భర్తను అడగకండి, ఆమెనే అడగండి.

ఇవన్నీ వచ్చే దారిని సుగమం చేసేవే. వచ్చాక అక్కడ చేయడానికి వారికి ఏదో ఒక పని ఉండాలి, నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే. మా సంఘం వారు ఏటా వికలాంగుల దినోత్సవమైన డిసెంబరు 3న నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పేవారు, మిగతా సంవత్సరమంతా నా ఊసే ఉండేది కాదు. ఒక చవితికి లెక్కలు రాసే మనిషి ఊరు విడిచి వెళ్ళడంతో చందాల పుస్తకం నా చేతికి వచ్చింది. ఆ వారంలోనే ఒక పెద్దమనిషి రసీదు అందలేదని మా గుమ్మంలోకి వచ్చి గట్టిగా తగువు పెట్టుకున్నాడు. నా కాలు చూసి జాలిపడేవారే తప్ప నాతో తగువు పడినవారు అంతకుముందు లేరు కాబట్టి, నాకు లోలోపల సంతోషంగానే ఉంది. మీ యువకుడికి ముందు వరుసలో కుర్చీ వేయడం కంటే మైకు, విద్యుత్ దీపాలు, చందాల లెక్కలు, ఊరేగింపు సమయాలు వంటి వాటిలో ఆయనకు ఇష్టమైనది అప్పగించండి. పని సరిగ్గా చేయకపోతే అందరినీ అడిగినట్టే ఆయననూ అడగండి.

మాటల్లో కూడా కొంత మార్పు అవసరం. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024 జూలై నుంచి 3,000 రూపాయల స్థానంలో 6,000 అయ్యింది. అప్పటి నుంచి నన్ను పలకరించే వారిలో సగం మంది పింఛను గురించి తప్ప వేరే మాట ఎత్తరు. క్రికెట్టు గురించి, కూరగాయల ధరల గురించి నాతోనూ మాట్లాడవచ్చు. శుభకార్యాలలో వికలాంగులు ఎదురుపడితే శకునం మంచిది కాదని చెవిలో గొణిగే పెద్దలు మీ కాలనీలో ఉంటే, ఆ మాట వారిదాకా ఎప్పుడో చేరే ఉంటుంది, రాకపోవడానికి అదే కారణమూ కావచ్చు. పేరంటానికి ఆ గృహిణిని మీ ఇంట్లోవారు స్వయంగా వెళ్ళి బొట్టు పెట్టి పిలిస్తే, ఆ గొణుగుడుకు అంతకు మించిన సమాధానం అక్కరలేదు.

ఈసారి చవితికి పక్షం రోజుల ముందే ఆ ఇద్దరి ఇళ్ళకూ వెళ్ళి, ఏర్పాట్లు ఎలా ఉంటే బాగుంటుందో, ఏ పని తీసుకుంటారో అడిగి రండి. అప్పటికీ రాలేమంటే బలవంతపెట్టకండి. సమావేశాలకు రాని వారు మీ కాలనీలో ఇంకా చాలామంది ఉండే ఉంటారు, వారిని ఎవరూ కారణం అడగడం లేదు కదా. మరుసటి నెల సమావేశానికి మాత్రం అందరికీ పంపినట్టే వారికీ కబురు పంపండి.