రెడ్ వైన్ తాగితే నోరు ఎందుకు పిడచగట్టుకుపోతుంది?

అది రుచి కంటే స్పర్శ అనడమే సరి. మనకు దానికి చక్కటి మాట ఉంది: వగరు. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లకు అంటుకుని దాని జారుడుతనాన్ని పోగొడతాయి. పచ్చి అరటికాయ కొరికినప్పుడు జరిగేదీ ఇదే. రెడ్ వైన్‌ను తొక్కలతోనే పులియబెడతారు. వైట్ వైన్‌కు సాధారణంగా ముందే రసం పిండేస్తారు కాబట్టి వగరు తక్కువ.

ఇటలీలోని బరోలో వైన్ ఈ వగరుకు పెట్టింది పేరు. నెబ్బియోలో ద్రాక్షతో చేసే దీన్ని కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో మాగనివ్వాలని నిబంధన. మొదటి గుటకకే నా బుగ్గలు లోపలికి లాక్కుపోయాయి. సీసా చెడిపోయిందేమో అనుకున్నాను. తర్వాత ఒక చీజ్ ముక్క నమిలి మళ్లీ తాగితే, ఆ వైనే ఎంతో మెత్తగా అనిపించింది.