కుసామా తెల్ల పెయింటింగ్‌లో చూడటానికి ఏముంది?

"దగ్గరికెళ్తే తెల్లటి మెలికలు, దూరం జరిగితే వెల్ల వేసిన గోడ. మా పాప కూడా వేస్తుంది. యాయోయి కుసామా పెయింటింగ్‌లో అసలు ఏం చూడాలి?" అని అడిగారు. నేనూ ఇదే మాట అన్నదాన్నే.

మేం న్యూజెర్సీలో ఉంటాం. అమ్మ వచ్చినప్పుడు న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియానికి తీసుకెళ్లాను. జపాన్ చిత్రకారిణి కుసామా 1959లో వేసిన 'నంబర్ ఎఫ్' అప్పుడు గోడ మీద ఉంది. ఆయిల్ పెయింటింగ్. మూడున్నర అడుగుల ఎత్తు, నాలుగడుగుల పైచిలుకు వెడల్పు. నేను ఒక ఫొటో తీసేసుకుని పక్క గదిలోకి వెళ్లబోతే అమ్మ కదల్లేదు. "దోమతెరలా ఉందే" అంది ముందు. కాసేపయ్యాక, "ఈవిడ చుక్కలు పెట్టలేదే. చుట్టూ గీసుకుంటూ పోతే అవే మిగిలాయి" అంది.

నిజమే. ముగ్గుకి చుక్కలు ముందు పెట్టుకుంటాం, లెక్కగా. ఇక్కడ అడుగున ముదురు రంగు, దాని మీద గోరంత తెల్లటి వంపులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మనకి చుక్కలా కనిపించేది తెలుపు పడని చోటు. ఆవిడ వేసింది వల. ఈ వరస పెయింటింగ్‌లకి పేరు కూడా 'ఇన్ఫినిటీ నెట్స్', అంటే అంతులేని వలలు.

ఇంటికొచ్చి, ఎంత కష్టమో చూద్దామని అడుగు కాన్వాస్ తీసుకున్నాను. నల్ల రంగు పూసి ఆరబెట్టి, సన్న బ్రష్‌తో తెల్ల ఆయిల్ కలర్ మొదలుపెట్టాను. రెండు గంటలకి అరచేయంత నిండింది. మణికట్టు నొప్పి సరే, అసలు చిక్కు వేరే. పావుగంట కాగానే చెయ్యి తనంతట తానే వరసలు కట్టేస్తుంది. ఇంకాసేపటికి ఒక మూల పువ్వులా చేద్దామనిపిస్తుంది. మధ్య అనేది లేకుండా, ఏ చోటూ మిగతావాటి కన్నా ముఖ్యం కాకుండా వేస్తూ పోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పైగా ఆయిల్ కలర్ రోజుల తరబడి ఆరదు. రెండో రోజు నా చొక్కా చెయ్యి తగిలి ఒక వరసంతా అలికినట్టయింది.

ఆ రోజుల్లో ఆవిడ తెల్ల కాన్వాస్‌లకి వంపుల మీద పల్చటి తెలుపు పూత ఒకటి ఉండేది. అందుకే నలుపు మసక పొరలోంచి చూస్తున్నట్టుంటుంది. నేను ఆగలేక, పచ్చిగా ఉండగానే టర్పెంటైన్ కలిపిన తెలుపు పూశాను. వంపులన్నీ లేచిపోయి బూడిద నీళ్లలా అయింది. తప్పు నాదే.

ఆవిడ 1929లో జపాన్‌లోని మత్సుమోతోలో పుట్టారు, విత్తనాల వ్యాపారం చేసే కుటుంబంలో. న్యూయార్క్‌కి చేరింది 1958లో. అప్పుడక్కడ చెయ్యంతా ఊపి రంగు చిమ్మే పెద్ద పెద్ద పెయింటింగ్‌లదే హవా, పేరున్న వాళ్లలో ఎక్కువ మంది మగవాళ్లే. 1959 అక్టోబరులో బ్రాటా గ్యాలరీలో ఈవిడ ఐదు తెల్ల కాన్వాస్‌లు పెట్టారు, అన్నీ మణికట్టు కదలికతో వేసినవే. అప్పటికి విమర్శలు రాస్తున్న డోనల్డ్ జడ్ మెచ్చుకుంటూ రాసి, ఒకటి కొనుక్కున్నాడు కూడా.

చిన్నప్పటి నుంచీ భ్రమలు కనిపించేవని ఆవిడే చెప్పుకున్నారు. 1977 నుంచి టోక్యోలో ఒక మానసిక చికిత్సాలయంలో, తన ఇష్టంతోనే ఉంటున్నారు. చాలామంది ఈ కథ దగ్గరే ఆగిపోయి పెయింటింగ్ చూడరు. నాకది నచ్చదు. జబ్బు వల్ల వంపులు అంత నిలకడగా రావు, చెయ్యి తిరిగి ఉండాలి. న్యూయార్క్‌కి రాకముందే ఆవిడ క్యోటోలో జపాన్ సంప్రదాయ చిత్రకళ నేర్చుకున్నారు.

మీ పాప సంగతంటారా, ఒక వంపు తప్పకుండా వేస్తుంది. పది కూడా వేస్తుంది. ఈసారి వెళ్తే ఎదురుగా నిలబడకండి, పక్కకి జరిగి ఏటవాలుగా చూడండి. రంగు ఎక్కడ గడ్డకట్టిందో, ఎక్కడ బ్రష్ ఎండిపోయి మళ్లీ ముంచారో వెలుతురులో తెలుస్తుంది. ఫొటోలో అది రానే రాదు.

నా కాన్వాస్ వాషింగ్ మెషిన్ వెనక ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ "మిగతాది ఎప్పుడు వేస్తావే?" అంటుంది. ఇంకా ముప్పావు వంతు నల్లగానే ఉంది.